నూతన నిర్వాహక వ్యవస్థ కొరకు నిరీక్షణ: తెలుగు అక్షరము చెప్పు కథ

కంప్యూటరును నడిపించు నిర్వాహక వ్యవస్థకు, అనగా ఆపరేటింగ్ సిస్టమునకు, క్రొత్త కూర్పు రానున్నదన్న వార్త వెలువడినంతనే దానిని వాడువారు రెండు పక్షములుగా చీలుట పరిపాటి. వచ్చిన వెంటనే మార్చుకొనవలెనని ఒక పక్షము వాదించును. చక్కగా నడచుచున్న యంత్రమును కదల్పనేల యని రెండవ పక్షము ప్రశ్నించును. 1995 ఆగస్టు 24వ తేదీన విండోస్ 95 విడుదలయినపుడు అమెరికాలో అర్ధరాత్రి వేళ దుకాణములు తెరచి దానిని విక్రయించిరి. జనులు బారులు తీరి కొనిరి. నేడు ఆ సందడి తగ్గినను వాదము మాత్రము తగ్గలేదు. జె.ఎన్.టి.యు. ప్రాంగణము గలిగి, హైటెక్ సిటీకి పొరుగున నున్న కూకట్‌పల్లిలో విద్యార్థుల గదుల యందును, కంప్యూటర్లు బాగుచేయు దుకాణముల యందును, డి.టి.పి. కేంద్రముల యందును ఈ వాదము తరచుగా వినవచ్చుచునే యుండును.

అయితే ఇంగ్లీషు మాత్రమే వాడువారి వాదములో కానరాని ప్రశ్న యొకటి తెలుగువారి వాదములో మొదటి నుండియు ఉన్నది. క్రొత్త వ్యవస్థలో మన అక్షరము నిలుచునా? నిన్నటి వ్యవస్థలో వ్రాసికొన్నది రేపటి వ్యవస్థలో చదువ వీలగునా? ఈ ప్రశ్న యొక్క చరిత్రను తెలిసికొన్నచో, నూతన వ్యవస్థ వచ్చునపుడు దేనిని చూచి సంతోషింపవలెనో, దేనిని గూర్చి జాగ్రత్త పడవలెనో విద్యార్థులకు స్పష్టమగును.

వ్యవస్థ చేయు పని

పాఠశాలలో ఏ తరగతికి ఏ గది, ఏ గంటకు ఏ పాఠము, ఏ సామగ్రి ఎవరికి అను విషయములను ప్రధానోపాధ్యాయుడు నిర్ణయించును. ఆయన పాఠము చెప్పకపోయినను ఆయన ఏర్పాటు లేనిదే పాఠము సాగదు. కంప్యూటరులో నిర్వాహక వ్యవస్థ అట్టిది. స్మృతిలోని చోటును, గణన చేయు కాలమును, ఫైళ్లను వివిధ కార్యక్రమములకు పంచి యిచ్చుట దాని పని. ఇవికాక సాధారణముగా మనము గమనింపని పని మరియొకటి కలదు. తెరపై అక్షరములను గీయుట కూడ చాలవరకు ఈ వ్యవస్థ బాధ్యతయే.

కంప్యూటరు అక్షరములను ఎరుగదు. సంఖ్యలను మాత్రమే ఎరుగును. కావున ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్యను కేటాయింపవలెను. 1963లో అమెరికాలో ఏర్పడిన 'ఆస్కీ' అను ప్రమాణము 128 సంఖ్యలతో ఇంగ్లీషు అక్షరములకు, అంకెలకు, విరామ చిహ్నములకు సంకేతములు నిర్ణయించెను. ఇంగ్లీషులో ఒక అక్షరము ప్రక్కన మరియొక అక్షరము పేర్చినచో మాట పూర్తియగును. సంఖ్య తెలిసినచో ఆకారము తెలిసినట్లే.

తెలుగు అట్లు కాదు. 'స్త్రీ' అను మాటను చూడుడు. కంటికి అది ఒకే అక్షరము. లోపల మాత్రము సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈత్వము అను ఆరు అంశములు గలవు. 1991లో తొలి కూర్పు వెలువడిన యూనికోడ్ ప్రమాణము ప్రపంచ లిపులన్నిటికిని ఒకే సంఖ్యావరుసలో చోటు కల్పింప బూనెను. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు లభించినవి. ఈ లెక్కలో 'స్త్రీ' యనగా 3128, 3149, 3108, 3149, 3120, 3136 అను ఆరు సంఖ్యల వరుస. ఈ ఆరింటిని చదివి, సకారమునకు పైన ఈత్వమును కూర్చి, తకార రకారములను ఒత్తులుగా మార్చి, తగిన చోట నిలిపి, ఒకే ఆకృతిగా గీయుటకు నియమావళి కావలెను. సంఖ్యలు నిర్ణయించుట ఒక మెట్టు. నియమావళిని నిర్వాహక వ్యవస్థలో పొందుపరచుట రెండవ మెట్టు. తెలుగునకు విండోస్ యందు ఈ రెండు మెట్ల నడుమ పది సంవత్సరములు గడచినవి. ఆ పది సంవత్సరములలో జరిగినదే నేటి చిక్కులలో పెక్కింటికి మూలము.

నిరీక్షణ కాలపు ఉపాయములు

భారతీయ లిపులను కంప్యూటరులో నిలుపు ప్రయత్నములు యూనికోడ్‌నకు ముందే మొదలైనవి. కాన్పూరు ఐ.ఐ.టి.లో ప్రారంభమైన పరిశోధన పుణెలోని సి-డాక్ సంస్థలో 'జిస్ట్' అను పేరున పెంపొందెను. కంప్యూటరు లోపల ఒక ప్రత్యేకమైన కార్డును అమర్చినచో భారతీయ లిపులు తెరపై కనబడెడివి. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ 'ఇస్కీ' అను సంకేత ప్రమాణమును ప్రకటించెను. బ్రాహ్మి నుండి పుట్టిన లిపులన్నిటికిని వర్ణక్రమము ఇంచుమించు ఒకటియే కావున, ఒకే సంకేతములతో అన్నిటిని వ్రాయవచ్చునను చక్కని ఊహ దీనికి ఆధారము. యూనికోడ్‌లో తెలుగు వర్ణముల అమరికకు ఇస్కీ క్రమమే మాతృక. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న తెలుగువారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాయు పద్ధతి నొకదానిని రూపొందించిరి. ఆర్.టి.ఎస్. అను ఆ పద్ధతి విదేశములలోని తెలుగువారిలో విశేషముగా వ్యాపించెను.

ముద్రణ రంగము మాత్రము ఇంకొక దారి పట్టెను. పుస్తకము రేపటికి కావలెను. పెండ్లి శుభలేఖ ఎల్లుండికి కావలెను. రాబోవు వ్యవస్థ కొరకు ముద్రాపకుడు ఎట్లు వేచియుండగలడు? కావున ఫాంటు తయారుచేయువారు తెలుగు అక్షరములను ముక్కలుగా చేసి, తలకట్టును ఒకచోట, ఒత్తును ఒకచోట, గుడిని ఒకచోట ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలపై ఉంచిరి. సీసపు అచ్చుల కాలమున కంపోజిటరు గడుల నుండి ముక్కలను ఏరి పేర్చినట్లే ఈ ఏర్పాటు. తెలుగునాట 'అను' ఫాంటులు ఈ విధముననే డి.టి.పి. కేంద్రములను ఆక్రమించినవి. పేజ్‌మేకరు అను కార్యక్రమములో వాటితో అసంఖ్యాకములైన పుస్తకములు, పత్రికలు, ప్రశ్నపత్రములు తయారైనవి.

ఈ ఉపాయము వలన కలిగిన మేలు తక్కువది కాదు. తెలుగు ముద్రణ ఆగలేదు. వేలమందికి జీవనోపాధి దొరకెను. కాని దానిలో ఒక లోపము దాగియున్నది. కంటికి తెలుగుగా కనబడు ఆ ఫైలు కంప్యూటరు లెక్కలో ఇంగ్లీషు అక్షరముల గుంపు మాత్రమే. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో అర్థములేని రోమను అక్షరములు ప్రత్యక్షమగును. అకారాది క్రమమున పదములను పేర్చుటకు గాని, ఒక మాటను వెదకుటకు గాని అది సులభముగా లొంగదు. పైగా ఒక్కొక్క సంస్థ ముక్కలను ఒక్కొక్క క్రమములో ఉంచినందున, ఒకరి ఫైలు మరియొకరి ఫాంటులో చదువ శక్యము కాదు.

2000, 2001 సంవత్సరములు

ఈ స్థితిలో 2000 ఫిబ్రవరి 17న విండోస్ 2000 విడుదలయ్యెను. అందు 'యూనిస్క్రైబ్' అను భాగము లిపి నియమావళిని అమలుపరచు బాధ్యత వహించెను. దేవనాగరికిని, తమిళమునకును దానియందు స్థానము లభించెను. తెలుగునకు లభింపలేదు. ప్రతి లిపికిని నియమములు వేరుగను, వాటికి తగిన ఫాంటు వేరుగను సిద్ధము కావలసి యుండును. సంఖ్యలు 1991 నుండియు ఉన్నను, గీయు చేయి లేనందున అవి కాగితముపై ప్రమాణముగనే మిగిలియుండినవి.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. 1998లో మైక్రోసాఫ్టు సంస్థ తన అభివృద్ధి కేంద్రమును హైదరాబాదులో నెలకొల్పెను. అదే సంవత్సరము నవంబరు 22న హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిరి. ప్రపంచమునకు కార్యక్రమములు వ్రాసి పంపు నగరములో, ఆ నగర ప్రజల లిపి మాత్రము తమ యెదుటనున్న విండోస్ యంత్రములో సహజముగా నిలువలేని కాలమది.

2001 అక్టోబరు 25న వెలువడిన విండోస్ ఎక్స్‌పి ఈ కొరతను తీర్చెను. తెలుగుతో పాటు కన్నడము, గుజరాతీ, గురుముఖి లిపులకు అందు చోటు దొరకెను. తెలుగునకు ఇచ్చిన ఫాంటు గోదావరి పాయ పేరు గల 'గౌతమి'. బెంగాలీ, మలయాళ లిపులవారు 2004లో ఎక్స్‌పికి వచ్చిన రెండవ సవరణ కూర్పు వరకు వేచియుండవలసి వచ్చెను.

అయితే వ్యవస్థలో చోటు దొరకుట వేరు, వాడుకలోనికి వచ్చుట వేరు. ఎక్స్‌పిలో తెలుగు తనంతట తాను కనబడెడిది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషా విభాగమును తెరచి, క్లిష్ట లిపుల కొరకు ఏర్పరచిన గడిలో గుర్తు పెట్టి, విండోస్ సి.డి.ని లోన ఉంచి, కావలసిన ఫైళ్లను ఎక్కింపవలెను. ఈ సంగతి తెలియనివారికి గుణింతములు విడిపోయి, ఒత్తులు చెదరి, లేదా అన్నియు ఖాళీ గడులుగా కనబడెడివి. తెలుగు ఇంకను రాలేదని వారు తలచుట సహజము. 2007 జనవరి 30న ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన విండోస్ విస్టాతో ఈ ప్రయాస తొలగెను.

ఉభయ పక్షముల వాదములు

అప్పుడు చెలరేగిన వాదములో ఒక పక్షము విజ్ఞానమును, రెండవ పక్షము మూఢత్వమును ఆశ్రయించినవని భావింపరాదు. రెండు వైపులను న్యాయమున్నది.

పాత ఫాంటుల వైపు నిలిచిన డి.టి.పి. పనివారికి మొదటి ఆధారము అభ్యాసము. ఏ మీటపై ఏ ముక్క ఉన్నదో వారి వ్రేళ్లకు తెలియును. సంవత్సరముల తరబడి అలవడిన కీబోర్డు అమరికను విడిచిపెట్టుట యనగా కొంతకాలము కూలి తగ్గించుకొనుటయే. రెండవది అందము. పాత పద్ధతిలో పదుల కొలది ఫాంటులుండగా, యూనికోడ్‌లో తొలినాళ్ల యందు గౌతమి మొదలైన కొద్ది ఫాంటులే లభించెడివి. మూడవదియే అన్నిటికన్న బలమైనది. వారు వాడు పేజ్‌మేకరునకు యూనికోడ్ తెలుగును కూర్చు శక్తి లేదు. 2001లో వెలువడిన ఏడవ కూర్పే దానికి తుది కూర్పు. అదే సంస్థవారి ఇన్‌డిజైన్ కార్యక్రమములో భారతీయ లిపుల కూర్పునకు తగిన ఏర్పాటు 2012 నాటి కూర్పుతో గాని రాలేదు. అనగా నిర్వాహక వ్యవస్థ సిద్ధమైన పిమ్మట కూడ, దానిపై నడచు ముద్రణ కార్యక్రమము సిద్ధమగుటకు మరి పదునొకండు సంవత్సరములు పట్టెను. క్రింది అంతస్తు కట్టినంత మాత్రమున పై అంతస్తులో కాపురముండలేము గదా!

యూనికోడ్ పక్షమువారు భవిష్యత్తును చూపిరి. ఏ యంత్రములోనైనను, ఏ దేశములోనైనను చదువగల తెలుగు కావలెనన్నది వారి కోరిక. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన శ్రీ వెన్న నాగార్జున, పాత ఫాంటులలోని అంతర్జాల పుటలను యూనికోడ్‌లోనికి మార్చి చూపు 'పద్మ' అను ఉపకరణమును రూపొందించిరి. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు 'స్వేచ్ఛ' సంస్థ ఇంకొక అడుగు ముందుకు వేసి, డెబియన్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వ్యవస్థను ఆధారముగా గొని తెలుగు మాటలతో పలుకరించు నిర్వాహక వ్యవస్థను తయారుచేసెను. పిల్లల కొరకు 'బాల స్వేచ్ఛ' అను కూర్పును కూడ వెలువరించెను. ఒక కంపెనీ ఎప్పుడు కరుణించునాయని వేచియుండక, మూల సంకేతము అందరికిని తెరచియున్న వ్యవస్థను మనమే మలచుకొనవచ్చునన్న విశ్వాసము ఇందలి సారము. మండలి, రామభద్ర, సూరన్న మొదలగు ఫాంటులు ఉచితముగా లభ్యమైన పిమ్మట అందమును గూర్చిన ఆక్షేపణయు చాలవరకు తగ్గెను.

వ్యవస్థకు వీడ్కోలు

రాకను గూర్చిన వాదమునకు జంటగా పోకను గూర్చిన వాదమును బయలుదేరెను. హైదరాబాదులో జన్మించిన శ్రీ సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్టు అధిపతి అయిరి. సుమారు రెండు మాసములకు, ఏప్రిల్ 8న, ఆ సంస్థ ఎక్స్‌పికి మద్దతును విరమించెను. మద్దతు విరమణ యనగా ఆ దినమున యంత్రము ఆగిపోవునని కాదు. వ్యవస్థలో క్రొత్తగా బయటపడు లోపములకు ఇక సవరణలు రావని అర్థము. తాళము పనిచేయుచునే యుండును. దొంగ మారుతాళము చేసికొన్నచో తాళమును మార్చువాడుండడు.

ఆ ప్రమాదము ఎట్టిదో 2017 మే మాసములో లోకమునకు తెలిసెను. 'వన్నాక్రై' అను దుష్ట కార్యక్రమము కంప్యూటర్లలోని ఫైళ్లకు బీగము వేసి, సొమ్ము చెల్లింపుమని బెదిరించెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ వారి కంప్యూటర్లు కొన్ని కూడ దానికి గురియైనవి. ఆ లోపమునకు సవరణ రెండు మాసములకు ముందే, మార్చి 14న, మద్దతు గల వ్యవస్థలకు విడుదలయైయుండెను. దానిని వేసికొననివారు నష్టపోయిరి. క్రొత్త వ్యవస్థను వాడినంత మాత్రమున రక్షణ లేదనియు, వచ్చిన సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరింపవలెననియు ఇందలి పాఠము. 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు దేశములోని బ్యాంకులకు గడువులు విధించి, మద్దతు లేని వ్యవస్థలతో నడచు ఏ.టి.ఎం. యంత్రములన్నిటిని 2019 జూన్ నాటికి మార్పింపవలెనని ఆదేశించెను.

ఒక తెలుగు అక్షరముపై ప్రపంచ చర్చ

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపి హఠాత్తుగా ప్రపంచ వార్తలలోనికి ఎక్కెను. ఆపిల్ సంస్థ ఫోనులలో నాడు వాడుకలోనున్న ఐ.ఓ.ఎస్. 11.2.5 అను కూర్పులో, తెలుగు 'జ్ఞా' యను అక్షరమును ప్రదర్శింపబోయిన కార్యక్రమము కుప్పకూలుచున్నదని తెలియవచ్చెను. కొందరు దానిని అల్లరికై ఇతరులకు పంపసాగిరి. తెలుగు అక్షరము ఫోనులను చంపుచున్నదని శీర్షికలు వెలువడినవి.

నిజమునకు అక్షరము నిర్దోషి. మనము 'విజ్ఞానము' అని వ్రాయునపుడు వచ్చు 'జ్ఞా'లో 3100, 3149, 3102, 3134 అను నాలుగు సంఖ్యలుండును. కూల్చునట్టి వరుసలో వీటి నడుమ 8204 అను ఐదవ సంఖ్య చేరియుండెను. అది రెండు వర్ణములను కలుపవద్దని చెప్పు అదృశ్య సంకేతము. వ్యవస్థలో లిపిని గీయు భాగము ఈ అరుదైన కలయికను సరిగా నిర్వహింపలేక తన స్మృతినే చెరచుకొనెను. బెంగాలీ, దేవనాగరి లిపులలో కూడ ఇటువంటి వరుసలు ఇదే ఫలితము నిచ్చినవి.

రాబోవు 11.3 కూర్పు యొక్క పరీక్షా ప్రతిలో ఈ లోపము అప్పటికే తొలగియున్నది. కాని ఆ కూర్పు వసంతకాలమున గాని రాదు. అంతవరకు వేచియుండవలెనా, లేక దీని కొరకే ఒక సవరణ వెలువడవలెనా యను చర్చ సాగెను. ఫిబ్రవరి 19న 11.2.6 అను చిన్న కూర్పు వెలువడి చిక్కును తీర్చెను, 11.3 కూర్పు మార్చి 29న వచ్చెను. కోట్లమంది వ్రాయు లిపి యొక్క నియమములను పూర్తిగా పరీక్షింపకున్నచో ఎంతటి గొప్ప వ్యవస్థయైనను తడబడునని దీనివలన తేటపడెను.

నేటి వాదము

2015 జూలై 29న వచ్చిన విండోస్ 10 తుది విండోస్ యని ఆ సంస్థ ఉద్యోగి యొకరు ఒక సభలో పలికినప్పుడు పెక్కుమంది నమ్మిరి. కాని 2021 అక్టోబరు 5న విండోస్ 11 వెలువడెను. ఈ మారు వాదము లిపిని గూర్చి కాక యంత్రమును గూర్చి జరిగెను. టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగమును, ఇటీవలి ప్రాసెసరును లేని కంప్యూటర్లకు క్రొత్త వ్యవస్థ అధికారికముగా లభింపదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10 యొక్క సాధారణ మద్దతు ముగిసెను. బాగుగా పనిచేయుచున్న యంత్రమును పారవేయుట వ్యర్థమనువారి మాటయు, రక్షణ లేని యంత్రమును వలలో కలుపుట అపాయమనువారి మాటయు రెండును సత్యములే. పాత యంత్రములో లినక్సు వంటి వ్యవస్థను ఎక్కించుట మూడవ మార్గము. పాఠశాలల కంప్యూటరు గదులకు ఇది ఆలోచింపదగినది.

తెలుగువారికి ఈ చరిత్ర మరియొక సంగతి చెప్పుచున్నది. యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు ఎక్స్‌పి నుండి విండోస్ 11 వరకును, విండోస్ నుండి లినక్సునకును, ఫోనునకును చెక్కుచెదరక ప్రయాణము చేసెను. సొంత సంకేతములతో వ్రాసినది మాత్రము తన పాత ఫాంటునకును, పాత పేజ్‌మేకరునకును, తుదకు వాటిని మోయు పాత వ్యవస్థకును కట్టుపడియున్నది. కూకట్‌పల్లి వంటి చోట్ల గల డి.టి.పి. కేంద్రములలో ప్రాతవడిన యంత్రము నొకదానిని వలకు కలుపక ఒక మూలను ఉంచుకొనుటకు కారణ మిదియే. ఆ యంత్రము చెడినపుడు దానితో కొన్ని సంవత్సరముల తెలుగు మూగవోవును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ పాఠశాలలో పాత ప్రశ్నపత్రములు, వార్షిక సంచికలు, పాఠ్య సామగ్రి గల ఫైళ్లు ఉన్నచో విద్యార్థులచే వాటిని తెరిపించి చూడుడు. ఫాంటును తీసివేసినపుడు తెలుగు నిలిచినచో అది యూనికోడ్. రోమను అక్షరములు మిగిలినచో అది పాత సంకేతము. అట్టివానిని మార్పు చేయు ఉపకరణములతో యూనికోడ్‌లోనికి మార్చి, ఒత్తులను, గుణింతములను విద్యార్థులు ఒక్కొక్క పుటగా సరిచూచినచో, లిపిశాస్త్రమును కంప్యూటరు శాస్త్రమును ఒకేసారి అభ్యసించినట్లగును. పాత యంత్రము ఇంకను పనిచేయుచుండగనే ఈ పని పూర్తికావలెను.